నచ్చిన ఫోటో నుంచి మన ఫోటో దాకా: వైజాగ్ ఫోటోగ్రఫీ విద్యార్థులకు

ఫోటోగ్రఫీ కోర్సులో చేరగానే వచ్చే అసైన్‌మెంట్లలో ఇది తప్పకుండా ఉంటుంది: మీకు ప్రేరణనిచ్చిన ఫోటోగ్రాఫర్లు ఎవరో, సినిమాలు ఏవో రాసుకు రండి. చాలామంది గడువు ముందురోజు రాత్రి కూర్చుని ఐదారు పెద్ద పేర్లు వెతికి, ఒక్కో పేరు కింద నాలుగు ఫోటోలు అతికించి ఇచ్చేస్తారు. మార్కులు పడతాయి. మర్నాడు కెమెరా పట్టుకుని ఆర్కే బీచ్‌కి వెళ్తే మాత్రం ఎప్పుడూ తీసే ఫోటోలే మళ్లీ వస్తాయి.

నచ్చిన ఫోటో నుంచి ఏమైనా నేర్చుకోవాలంటే దాన్ని విప్పి చూడాలి. వెలుగు ఎటు నుంచి పడింది? తీసినవాళ్లు ఎక్కడ నిలబడ్డారు? దేని కోసం ఆగారు? ఆ ప్రశ్నలనే మన ఊరికి తెచ్చుకుని, ఇక్కడి వెలుగులో, ఇక్కడి మనుషుల మధ్య జవాబు వెతకాలి. ఈ పద్ధతికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోన్ ఉన్నా సరిపోతుంది. గీతలు లేని ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిల్ మాత్రం తప్పనిసరి.

ముందు ఒక్కరిని ఎంచుకోండి

నెలకు ఒక్క ఫోటోగ్రాఫర్ చాలు. ఎవరిని ఎంచుకోవాలో తెలియకపోతే మీ ఫోన్‌లో సేవ్ చేసుకున్న ఫోటోలన్నీ వరసగా చూడండి. వాటిల్లో ఏదో ఒకటి పదేపదే కనిపిస్తుంది. నీడలు కావచ్చు, తడిసిన అద్దాలు కావచ్చు, జనం కావచ్చు, రంగులు కావచ్చు. మీ కన్ను ఎటు లాగుతోందో అక్కడే తెలిసిపోతుంది.

నీడలు ఎక్కువగా ఉంటే హాంకాంగ్ వీధుల్ని తీసిన ఫాన్ హో దగ్గర మొదలుపెట్టండి. వాన, అద్దాలు, మసక రంగులు అయితే న్యూయార్క్‌కు చెందిన సాల్ లైటర్. ఆయన అసలు పెయింటర్ అవుదామని ఆ నగరానికి వచ్చాడు, ఆ పెయింటింగ్ చూపు ఫోటోల్లో తెలిసిపోతుంది. జనంతో కిక్కిరిసిన ఫ్రేములు ఇష్టమైతే రఘు రాయ్. 1984లో భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత ఆయన తీసిన పసిబిడ్డ ఖననం ఫోటో చూసినవాళ్లు ఎవరూ మరిచిపోలేరు. కష్టం చేసే మనుషులైతే ఆర్థికశాస్త్రం చదివి, ఆ పని వదిలి కెమెరా పట్టిన బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ సెబాస్టియావో సల్గాడో. రంగులైతే మన రఘుబీర్ సింగ్. ఆయన గురించి కింద మళ్లీ చెబుతాను.

ఎంచుకున్నాక వాళ్ల ఫోటోల్ని రీల్స్ మధ్యలో చూడకండి. అరచేతిలో పట్టే సైజులో సగం ఫోటో కనబడదు. మీ కాలేజీ లైబ్రరీలోనో, ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలోనో ఫోటో పుస్తకాలు ఏమున్నాయో అడగండి. లేకపోతే కంప్యూటర్ స్క్రీన్ మీద పెద్దది చేసుకుని చూడండి. మాగ్నమ్ అనే ఫోటోగ్రాఫర్ల ఏజెన్సీ వెబ్‌సైట్లో వేల ఫోటోలు ఉచితంగా చూడొచ్చు. బెంగళూరులోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫోటోగ్రఫీ కూడా తన సేకరణలో చాలా భాగం ఆన్‌లైన్లో పెట్టింది. అసలు ప్రింట్లు గోడ మీద చూడాలనుంటే హైదరాబాద్‌లో 2015 నుంచి ఇండియన్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్ జరుగుతోంది. ఇక్కడ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి అక్కడ ఉంటారు. స్టూడెంట్లు నలుగురు కలిసి ఒక్కసారైనా వెళ్లాల్సిన ప్రయాణం అది.

ఒక్క ఫోటో, పావుగంట

ఇది చదవడానికి తేలిక, చేయడానికి కష్టం. ఫోటో ముందు పావుగంట కూర్చోవాలి. ఫోన్ పక్క గదిలో పెట్టేయండి.

ఉదాహరణకు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ 1932లో పారిస్‌లో సాన్ లజార్ స్టేషన్ వెనక తీసిన ఫోటో తీసుకోండి. నీళ్లు నిలిచిన చోట ఒకతను గెంతుతున్నాడు. మొదటి నిమిషంలో అందరికీ కనిపించేది అంతే. రెండో నిమిషంలో అతని మడమ ఇంకా నీటిని తాకలేదని గమనిస్తారు. కొంచెం ఆగితే నీళ్లలో పడి ఉన్న నిచ్చెన, దాని మీంచే అతను గెంతాడన్న సంగతి తెలుస్తాయి. ఇంకా చూస్తే వెనక గోడ మీద ఒక పోస్టర్, అందులో గాల్లోకి ఎగిరిన ఒక నర్తకి. ముందు మనిషి, వెనక బొమ్మ ఒకే భంగిమలో, ఎదురెదురు దిక్కుల్లో ఉన్నారు. నీళ్లలో వీళ్ల నీడలు. ఎండ లేదు, మబ్బు పట్టిన మెత్తటి వెలుగు. నిలిచిన నీళ్లు అద్దంలా ఉన్నాయి. కంచె సందులోంచి తీయడం వల్ల ఒక పక్క అడ్డొస్తే, ప్రింటులో ఆ భాగాన్ని కత్తిరించారు. ఫ్రేమును కత్తిరించడం ఇష్టపడని మనిషి తీసిన ఫోటోల్లో ఇది అరుదైన మినహాయింపు.

ఇప్పుడు నోటుపుస్తకంలో రాసుకోవాల్సినవి: వెలుగు దిక్కు, అది గట్టిదా (నీడల అంచులు పదునుగా ఉన్నాయా) మెత్తనిదా, కెమెరా ఎత్తు (నడుమా, కళ్లా, నేలా), ముందు ఏముంది, వెనక ఏముంది, ఒక్క సెకను ముందో వెనకో నొక్కితే ఏం పోయేది. పక్కన చిన్న చతురస్రం గీసి అందులో పెద్ద ఆకారాలు మాత్రం వేయండి. బొమ్మ బాగా రావాల్సిన పని లేదు, గీసేటప్పుడు చేతికి తెలిసేవి కొన్ని ఉంటాయి.

కొన్ని ఫోటోలు మరోలా ఆశ్చర్యపరుస్తాయి. ఫాన్ హో 1954 నాటి ప్రసిద్ధ ఫోటోలో తెల్లటి గోడ పక్కన ఒక అమ్మాయి నిలబడి ఉంటుంది, ఆమె మీదికి ఏటవాలుగా ఒక పెద్ద నీడ వచ్చి పడుతుంటుంది. ఆ అమ్మాయి ఆయన బంధువే, ఆయనే అక్కడ నిలబెట్టాడు. ఆ నీడను తర్వాత డార్క్‌రూమ్‌లో, అంటే ప్రింట్లు వేసే చీకటి గదిలో, కలిపాడు. వీధిలో అనుకోకుండా దొరికిందనుకున్న ఫోటో మనసులో ముందే ఉందన్నమాట. ఇది తెలిశాక ఆ ఫోటో నాకైతే ఇంకా నచ్చింది.

వాళ్లకు ఎవరు నచ్చారో వెతకండి

చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నన్నడిగితే అన్నిటికన్నా విలువైనదీ ఇదే. మీకు నచ్చిన ఫోటోగ్రాఫర్‌కు ఏ ఫోటో, ఏ సినిమా నచ్చిందో వెతకండి.

కార్టియర్ బ్రెస్సన్ మొదట పెయింటింగ్ నేర్చుకున్నాడు. 1930 ప్రాంతంలో హంగేరీకి చెందిన మార్టిన్ ముంకాచి తీసిన ఒక ఫోటో ఆయన కంటబడింది. ఆఫ్రికాలో టాంగనీకా సరస్సు ఒడ్డున ముగ్గురు కుర్రాళ్లు అలల్లోకి పరిగెత్తుతుంటారు. వెనక నుంచి తీశారు, మొహాలు కనిపించవు. నల్లటి మూడు దేహాలు, తెల్లటి నురగ. ఫోటో అంటే ఏమిటో తనకు తెలిపింది అదేనని ఆయనే తర్వాత చెప్పాడు. ముంకాచి ఆటల పోటీలు తీసిన మనిషి, కదిలేదాన్ని పట్టుకోవడం ఆయనకు చేతిలో పని. ఆ వేగమే కార్టియర్ బ్రెస్సన్‌కు అందింది.

కథ అక్కడ ఆగలేదు. 1930ల్లో కార్టియర్ బ్రెస్సన్ ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశాడు. అదే రెన్వార్ తర్వాత సినిమా తీయడానికి బెంగాల్ వచ్చాడు. ఆ షూటింగ్ చూడటానికి రోజూ వచ్చే కుర్రాడు ఒకడుండేవాడు, పేరు సుబ్రత మిత్ర. పని అడిగితే దొరకలేదు. దాంతో ఒక పక్కన నిలబడి ఏ లైటు ఎక్కడ పెట్టారో, కెమెరా ఎటు కదిలిందో బొమ్మలు గీసుకుంటూ నోట్సు రాసుకున్నాడు. సత్యజిత్ రాయ్ కూడా ఆ షూటింగుకు వచ్చేవాడు, పరిచయం అక్కడే. రాయ్ తొలి సినిమా 'పథేర్ పాంచాలి'కి కెమెరా పట్టినప్పుడు మిత్రకు 21 ఏళ్లు. అంతకుముందు సినిమా కెమెరా నడిపింది లేదు. ఉన్నదల్లా స్టిల్ ఫోటోల అనుభవం, ఆ నోట్సు, కార్టియర్ బ్రెస్సన్ ఫోటోల్లోని సహజమైన వెలుగు మీద ఇష్టం.

మరోవైపు కార్టియర్ బ్రెస్సన్ 1947లో రాబర్ట్ కాపా తదితరులతో కలిసి మాగ్నమ్ ఏజెన్సీ పెట్టాడు. ఆ ఏడాదే మన దేశానికి వచ్చాడు. 1948 జనవరిలో గాంధీజీ చివరి రోజుల్ని, అంతిమయాత్రను ఆయన తీశాడు. 1977లో అదే ఏజెన్సీకి రఘు రాయ్ పేరు ప్రతిపాదించిందీ ఆయనే. ఒక సరస్సు ఒడ్డున పరిగెత్తిన ముగ్గురు కుర్రాళ్ల నుంచి భోపాల్ దాకా వరస కలుస్తుంది చూడండి. మీరు రాసే అసైన్‌మెంటులో పేర్లు విడివిడిగా కాకుండా ఇలా ఒకదాన్నుంచి ఒకటి రావాలి.

ఇక మన వంతు. కుర్రాళ్లు అలల్లోకి పరిగెత్తే దృశ్యం ఆర్కే బీచ్‌లో ఏ ఆదివారం పొద్దున చూసినా ఉంటుంది. సాయంత్రం వెళ్తే ఎండ మీ వెనక నుంచి వచ్చి వాళ్ల వీపుల మీద పడుతుంది, రంగు చొక్కాలు, సముద్రం అన్నీ వెలిగిపోయి ఆకారాలు కలిసిపోతాయి. అదే సూర్యోదయం తర్వాత అరగంటలోపు వెళ్తే ఎండ ఎదురుగా ఉంటుంది. దేహాలు నల్లగా, నురగ తెల్లగా విడిపోతాయి. మోకాళ్ల మీద కూర్చోండి, తలలు క్షితిజరేఖ పైకి రావాలి. షట్టర్ తెరుచుకునే సమయం సెకనులో వెయ్యో వంతు పెట్టండి. ఒకరి కాళ్లు ఇంకొకరి కాళ్లకు అడ్డు రాని క్షణం కోసం ఆగండి. ఎక్కువ ఫోటోలు పాడయ్యేది అక్కడే. అలల వైపు మాత్రం మీరు దిగకండి, ఆ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ప్రాణాలు తీశాయి.

సినిమాను సౌండ్ ఆపి చూడండి

స్టిల్ ఫోటోగ్రాఫర్లకు సినిమా అవసరం ఏమిటని కొందరు అడుగుతారు. దర్శకుడు స్టాన్లీ కుబ్రిక్ సినిమాల్లోకి రాకముందు, కుర్రతనంలోనే, లుక్ పత్రికకు ఫోటోలు తీశాడు. రెండు ఆస్కార్లు అందుకున్న కెమెరామన్ రోజర్ డీకిన్స్ తొలి రోజుల్లో ఇంగ్లండ్ పల్లెల్ని ఫోటోలు తీసే పని చేశాడు, ఇప్పటికీ తనకోసం తీసుకుంటూనే ఉంటాడు. మన 'మాయాబజార్' కెమెరామన్ మార్కస్ బార్‌ట్లీ కూడా పత్రికా ఫోటోగ్రాఫర్‌గానే మొదలయ్యాడు. రెండు పనుల మధ్య రాకపోకలు ఎప్పుడూ ఉన్నాయి.

మూడు నిమిషాల సీను ఒకటి ఎంచుకోండి. మొదటిసారి మామూలుగా చూడండి. రెండోసారి సౌండ్ తీసేయండి. పాట, డైలాగు లేకపోతే కన్ను ఒంటరిగా పని చేయాల్సి వస్తుంది. మూడోసారి ప్రతి కట్ దగ్గరా ఆపి మూడు చోట్ల చూడండి. ఒకటి, కంటిపాపలో మెరిసే చుక్క: ఎక్కడుందో చూస్తే లైటు ఎటుందో తెలుస్తుంది, ఆకారం చూస్తే కిటికీయో బల్బో తెలుస్తుంది. రెండు, ముక్కు నీడ ఎటు వాలింది. మూడు, మనిషికీ వెనక గోడకీ మధ్య తేడా ఎలా వచ్చింది: జుట్టు అంచున వెలుగా, లేక గోడే వెలిగిందా. సుబ్రత మిత్ర గీసుకున్నట్టే పైనుంచి చూసే నక్షా గీయండి. మనిషికి సున్నా, కెమెరాకు త్రికోణం, లైటుకు బాణం.

ఏ సీన్లు? మూడు చెబుతాను, మూడింటితోనూ ఇంట్లో చేసుకునే పని ఉంది.

1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ సినిమా 'అపరాజితో'లో కాశీలోని ఇల్లు, దాని నడిమి ముంగిలి ఉన్నాయే, అది నిజం ఇల్లు కాదు, కలకత్తా స్టూడియోలో వేసిన సెట్. అసలు ముంగిలిలోకి ఆకాశం నుంచి దిగే వెలుగుకు నీడలుండవు. స్టూడియో లైట్లు నేరుగా వేస్తే నీడలు పడి అబద్ధం బయటపడుతుంది. మిత్ర సెట్ పైన కప్పులా తెల్లగుడ్డ పరిపించి, లైట్లను కింద నుంచి దాని మీదికి కొట్టాడు. గుడ్డకు తగిలి తిరిగొచ్చిన వెలుగు ఆకాశం వెలుగులా దిగింది. ఇవాళ స్టూడియోల్లో బౌన్స్ అని మామూలుగా చేసే పని అప్పట్లో కొత్త. మీరు చేయాల్సింది ఇది: పొద్దున ఎండ నేల మీద పడే గది చూసుకోండి. ఎండ పడిన చోట నాన్నగారి తెల్ల పంచె పరవండి. దాని పక్కన, ఎండ తగలని చోట అమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టండి. పంచె పరవకముందు ఒకటి, పరిచాక ఒకటి తీయండి. కళ్ల కింద గుంటలు, గడ్డం కింద నీడ ఎలా మెత్తబడతాయో పక్కపక్కన పెట్టి చూడండి. తర్వాత అదే పంచెను గోడకు వేలాడదీసి, వెలుగు పక్క నుంచి వచ్చేలా ఇంకొకటి తీయండి.

రెండోది 1959 నాటి హిందీ సినిమా 'కాగజ్ కే ఫూల్'. మన దేశంలో తొలి సినిమాస్కోప్ (వెడల్పాటి తెర) సినిమా, కెమెరా వి.కె. మూర్తి. ఒక పాటలో ఖాళీ స్టూడియోలోకి పైనుంచి ఒక వెలుగు స్తంభం దిగుతుంది, దాని చెరో పక్కన ఇద్దరు నిలబడతారు. అది లైటు కాదు, ఎండ. బయట పెద్ద అద్దం పెట్టి ఎండను లోపలికి మళ్లించి, ఇంకో అద్దంతో కిందికి దించారు. ఇంట్లో చేయడానికి ఒక గది కిటికీలు మూసేయండి. తలుపు బయట గడ్డం గీసుకునే అద్దం పట్టుకుని ఒకరు ఎండను లోపలికి కొట్టాలి. వెలుగు కిరణం మామూలు గాల్లో కనబడదు, దానికి పొగ కావాలి. సాంబ్రాణి వేయండి. పొగ మరీ దట్టంగా ఉన్నప్పుడు ఫోటో తెల్లబారిపోతుంది, కాస్త పలచబడ్డాక కిరణం అంచులు గీసినట్టు వస్తాయి. అద్దం వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా చూసుకోండి. ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు కొలత) మొహానికి కాకుండా కిరణానికి పెట్టండి, మిగతాదంతా నల్లగా పోనివ్వండి. ఈ ఫోటో ఒక్కసారి వచ్చిందంటే వెలుగు మీద భయం పోతుంది.

మూడోది 'మాయాబజార్' (1957). అందులో పడవ మీద వెన్నెల విహారం చూడని తెలుగువాళ్లు ఉండరు. ఈసారి పాట వినకుండా చూడండి. ఆ వెన్నెలంతా బార్‌ట్లీ కల్పించినది. వెన్నెల ఏ పక్క నుంచి వస్తున్నట్టు చూపించారో, నీళ్ల మీద మెరుపు, మొహం మీద వెలుగు ఒకే దిక్కు నుంచి ఉన్నాయో లేదో గమనించండి. పని ఒక్కటే: మన బీచ్ రోడ్డులో రాత్రి వీధిలైటును చంద్రుడనుకుని, స్నేహితుణ్ని దానికి వీపు పెట్టి నిలబెట్టి, భుజాల అంచున మాత్రం వెలుగు ఉండేలా తీయండి.

సినిమా కదలికలో కనిపించే మెత్తని మసక మీ ఫోటోలోనూ కావాలనుకుంటే షట్టర్ సెకనులో యాభయ్యో వంతు దగ్గర పెట్టండి. సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో మామూలుగా ఒక్కో ఫ్రేమ్ 48వ వంతు సెకను వెలుగు పట్టుకుంటుంది, ఆ మసక అక్కడి నుంచి వచ్చిందే.

ఒకసారి అచ్చంగా కాపీ కొట్టండి

పూర్వం చిత్రకళ నేర్చుకునేవాళ్లు గురువు బొమ్మను గీతకు గీత దించేవారు. మీరూ ఒక ఫోటోను అలాగే దించండి: అదే కెమెరా ఎత్తు, అదే వెలుగు దిక్కు, అదే దూరం. చేస్తున్నప్పుడే అసలు ఫోటో తీసిన మనిషి ఎంత దగ్గరగా వెళ్లాడో, ఎంత ఓపిక పట్టాడో తెలుస్తుంది. ఆ తర్వాత ఒక్క సంగతి మార్చండి. సమయమో, రంగో, స్థలమో. ఒకేసారి అన్నీ మారిస్తే ఏది ఏం చేసిందో తెలియదు. కాపీని ఎక్కడైనా పెడితే ఎవరి ఫోటోను అనుసరించారో కింద పేరు రాయండి.

రఘుబీర్ సింగ్‌తో ఇది చాలా బాగా కుదురుతుంది. మన దేశాన్ని రంగు లేకుండా చూడటం కుదరదని గట్టిగా వాదించిన మనిషి. ప్రపంచంలో పేరున్న ఫోటోగ్రాఫర్లు రంగును చిన్నచూపు చూసిన రోజుల్లో కలర్ ఫిల్మునే నమ్ముకున్నాడు. చివరి రోజుల్లో అంబాసిడర్ కారు తలుపులు, కిటికీలు, అద్దాల్లోంచి దేశాన్ని తీశాడు. ఒకే ఫోటోలో కారు డోరు ఒక ఫ్రేమ్, కిటికీ ఇంకో ఫ్రేమ్, సైడ్ మిర్రర్‌లో మరో లోకం. మీకు అంబాసిడర్ అక్కర్లేదు. బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే సిటీ బస్సు ఎక్కండి. ఎడమా కుడీ ఒక్కోసారి ఒక్కో సీటు. ఒక కిటికీలో సముద్రం, ఎదురు కిటికీలో కొండ, మధ్యలో కమ్మీ పట్టుకున్న ఎవరిదో చెయ్యి, డ్రైవర్ అద్దంలో కండక్టర్. బస్సు ఆగిన చోటే కొన్ని దొరుకుతాయి. వానాకాలంలో అదే కిటికీ అద్దం మీద చినుకులుంటే సాల్ లైటర్ పాఠం కూడా అక్కడే. ఫోకస్ చినుకు మీద పెట్టండి, జగదాంబ జంక్షన్ లైట్లను మసకగా వదిలేయండి.

మన ఊరి వెలుగు తెలుసుకోండి

పశ్చిమ తీరంలో తీసిన సూర్యాస్తమయం ఫోటోలు చూసి ఇక్కడ సాయంత్రం సముద్రం ముందు ఎదురు చూసి లాభం లేదు. మనకు సూర్యుడు నీళ్లలోంచి లేచి కొండల వెనక దిగుతాడు. సాయంత్రం బీచ్‌కు నీడ తొందరగా వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆకాశం నుంచి దిగే మెత్తని వెలుగు పోర్ట్రెయిట్లకు మంచిది, ఇసుక మీద కూర్చున్నవాళ్ల మొహాలు నీడల్లేకుండా వస్తాయి. సముద్రం వైపు తిరిగి నిలబడితే వేసవిలో సూర్యోదయం ఎడమకు, కైలాసగిరి వైపు జరుగుతుంది. చలికాలంలో కుడికి, డాల్ఫిన్ నోస్ వైపు జరుగుతుంది. ఏ నెలలో ఎక్కడ నిలబడాలో దీన్ని బట్టి చూసుకోండి.

ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బీచ్‌కి తెస్తే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది. జిప్ కవర్‌లో పెట్టి బయట పావుగంట ఉంచాక తీయండి. ఉప్పుగాలిలోంచి తిరిగొచ్చాక కాస్త తడిగుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో బాడీ తుడవండి.

నీడల ఫోటోగ్రఫీకి పూర్ణా మార్కెట్, ఎండ ఎక్కాక, పరదాల సందుల్లోంచి వెలుగు దిగే వేళ. రంగుకు భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, పొద్దునో సాయంత్రమో. అక్కడ మట్టి తొక్కి గట్లు విరగ్గొట్టకండి. నేవీ ప్రాంతాల్లో, పోర్టులో ఫోటో నిషేధం బోర్డులు ఉంటాయి. వాటిని తేలిగ్గా తీసుకోవద్దు, డ్రోన్ సంగతి అసలు తలపెట్టొద్దు.

ఫిషింగ్ హార్బర్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. సల్గాడో ఫోటోలు చూసినవాళ్లు అందరూ అక్కడికే పరిగెత్తుతారు. తెల్లవారుజామున మరపడవలు రావడం, వంజరాలు, రొయ్యలు గంపల్లోకి దిగడం, వేలంపాట, ఐసు దిమ్మలు పగలగొట్టడం, అన్నీ ఒకేసారి జరుగుతుంటాయి. కొత్తవాళ్లు దూరం నుంచి జూమ్ చేసి మొహాలు లాక్కుంటారు. అలా వచ్చిన ఫోటోలో ఆ మనిషికీ మీకూ సంబంధం ఉండదు, చూసేవాళ్లకు అది తెలిసిపోతుంది. సల్గాడో తను తీసే మనుషుల మధ్య వారాల తరబడి ఉండేవాడు. అంత కుదరకపోయినా మొదటిరోజు కెమెరా బ్యాగులోనే ఉంచండి. టీ తాగండి, ఎవరి పని ఏమిటో చూడండి. "అన్నా, మీరు పని చేసుకుంటుంటే ఫోటో తీసుకోవచ్చా?" అని అడగండి. "పేపర్లో ఏత్తారా బాబూ?" అని అడిగితే, కాలేజీ పని అని ఉన్నమాట చెప్పండి. వద్దంటే వద్దనే. వేలం జోరుగా సాగేటప్పుడు దారికి అడ్డంగా నిలబడితే తిట్లు పడతాయి, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. చాలామంది ఫోటోగ్రాఫర్లు అప్పుడు హార్బర్ వైపు పోరు. నేనైతే అప్పుడే వెళ్లమంటాను. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, రంగులు వేస్తుంటారు, వలలు బాగుచేస్తుంటారు. మాట్లాడే తీరిక వాళ్లకుంటుంది. వల కుట్టే చేతుల్ని దగ్గర నుంచి చూడండి: కాలి బొటనవేలికి ఒక కొస బిగించి, రెండు చేతులతో ముడి వేసుకుంటూ పోతారు. ఫ్రేములో కాలూ చేతులూ రెండూ ఉంటేనే ఆ పని అర్థమవుతుంది.

ఇక్కడ తీసిన సినిమాలు, ఇంట్లో ఉన్న ఆల్బమ్

వైజాగ్, భీమిలి పరిసరాల్లో తీసిన సినిమాలు చూసి ఆ స్థలాలకు వెళ్లండి. 1978 నాటి 'మరో చరిత్ర'ను రంగు సినిమాలు వచ్చేసిన రోజుల్లో కావాలనే బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు, కెమెరా బి.ఎస్. లోకనాథ్. సముద్రం నీలం, దిబ్బల ఎరుపు లేకుండా మన తీరం ఎలా నిలబడిందో అందులో చూడొచ్చు. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' పూర్తిగా ఇంకో దారి. నటుల్లో ఎక్కువమంది ఆ పేటవాళ్లే, ఇళ్లు, సందులు ఆ పేటవే. ఒక సీను చూసి, అదే సందులో అదే వేళకు నిలబడి చూడండి. వాళ్లు కెమెరా ఎక్కడ పెట్టి ఉంటారో, ఏది ఫ్రేము బయట వదిలేశారో పోల్చుకోవడం చాలా నేర్పుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థికి బీచ్ ఫోటోలే వైజాగ్ అనే భ్రమ పోతుంది.

ఇంటి ఆల్బమ్ కూడా తీయండి. తెలుగు నేల మీద ఫోటోగ్రఫీకి పాత చరిత్రే ఉంది. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫోటోగ్రాఫర్‌గా ఉన్న రాజా దీన్‌దయాళ్ (1844–1905) సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. ఆ తర్వాత ఊరూరా వచ్చిన స్టూడియోల పని మన పెట్టెల్లో ఉంది. తాతగారి పెళ్లిఫోటో వెనక్కి తిప్పి స్టూడియో స్టాంపు చూడండి. పరదా మీద వేసిన స్తంభాలు, పూలకుండీ స్టాండు, కుర్చీ చేతి మీద ఎలా ఆనించారో చూడండి. బుగ్గల మీద చేత్తో దిద్దిన రంగు ఉందేమో చూడండి. కంటిపాపలో చుక్క వెతకండి, సినిమాకు చేసినట్టే. ఒక్క పెద్ద కిటికీ వెలుగుతోనో రెండు లైట్లతోనో అంత గౌరవంగా మనిషిని చూపించినవాళ్ల పేర్లు చాలావాటికి మనకు మిగల్లేదు.

ప్రింటు వేయించి వరసలో పెట్టండి

నెలాఖరుకు తీసినవాటిలో ఇరవై ఎంచి చిన్న సైజు ప్రింట్లు వేయించండి. నేల మీద పరచండి. మధ్యలో మీరు ఎంచుకున్న ఫోటోగ్రాఫర్ పుస్తకం తెరిచి పెట్టుకోండి. ఒకేలా ఉన్నవి రెండుంటే ఒకటి తీసేయండి. కథకు పనికిరాని అందమైన ఫోటోను తీసేయడం కష్టమే, అయినా తీసేయండి. పదో పన్నెండో మిగిలితే చాలు. దూరం నుంచి తీసినది, దగ్గరగా తీసినది, ఒక వస్తువు, ఒక మొహం, ఇలా సినిమా సీనులా వరస మార్చి మార్చి చూడండి.

ఆ వరసతో మడతల పుస్తకం చేయడానికి పొడవాటి అట్టకాగితం, జిగురు చాలు. దయానితా సింగ్ ఫోటోల్ని గోడ కన్నా పుస్తకంగా చూపించడమే ఎక్కువ నమ్మిన ఫోటోగ్రాఫర్, 2022లో ఫోటోగ్రఫీలో పేరున్న హాసెల్‌బ్లాడ్ అవార్డు అందుకున్నారు. అహ్మదాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ)లో చదువుతుండగా తబలా కళాకారుడు జాకిర్ హుస్సేన్ వెంట తిరిగి తీసిన ఫోటోలే ఆమె మొదటి పుస్తకం. అంటే కాలేజీ ప్రాజెక్టు అన్నమాట.

హార్బర్‌లో తీసినవాళ్లకు వాళ్ల ప్రింటు తీసుకెళ్లి ఇవ్వండి. మీ పుస్తకాన్ని క్లాసులో ఒకరికి, ఫోటోగ్రఫీతో సంబంధం లేని ఒకరికి చూపించి, ఏ పేజీ దగ్గర ఎక్కువసేపు ఆగారో గమనించండి, ఆ పేజీ నంబరు నోటుపుస్తకంలో రాసుకోండి. వచ్చే నెలకు పేరు ఎంచుకునేటప్పుడు ఈ నెల ఫోటోగ్రాఫర్‌కు గురువో, స్నేహితుడో, ఆయన్ను చూసి నేర్చుకున్నవాళ్లో అయ్యేలా చూసుకోండి.